ముప్పయ్యో రోజు రుచి



హైదరాబాదులో తిండి గురించి చెప్పమంటే ఎవరైనా బిర్యానీతో మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు. వంటలకు పేరుపడ్డ సృజనాత్మక నగరంగా 2019లో యునెస్కో కూడా ఈ ఊరిని గుర్తించింది. నేను మాత్రం ఇవాళ చారు, పప్పుల వైపు నుంచి వస్తాను. ఎందుకంటే నేను మాట్లాడబోయేది చుట్టాలొస్తే తీసుకెళ్లే హోటళ్ల గురించి కాదు. ఉస్మానియా యూనివర్సిటీ చుట్టూ, తార్నాక నుంచి విద్యానగర్ దాకా, హబ్సిగూడ నుంచి అడిక్‌మెట్ దాకా, చదువుకునే పిల్లలు రోజూ తినే చోట్ల గురించి. టిఫిన్ బండ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు, ఇరానీ హోటళ్లు, సాయంత్రం బజ్జీల బండ్లు. ఇవీ నా విషయాలు.

ముందే ఒక మాట. దుకాణాల పేర్లు చెప్పను. రేడియోలో అది మర్యాద కాదు. చెప్పినా పెద్ద ప్రయోజనం లేదు. క్యాంపస్ గేట్ల దగ్గర బోర్డులు తొందరగా మారిపోతుంటాయి. ఒక్కోసారి బోర్డు అదే ఉంటుంది, లోపల వంటమాస్టరు మారిపోతాడు, ఆయనతోపాటే రుచీ వెళ్లిపోతుంది. అందుకని పేర్లు కాదు, గుర్తులు చెబుతాను. ఆ గుర్తులు పట్టుకుంటే వరంగల్లులో కాకతీయ యూనివర్సిటీ దగ్గరైనా, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ దగ్గరైనా, తిరుపతిలో వెంకటేశ్వరా యూనివర్సిటీ దగ్గరైనా మీకు కావలసిన చోటు మీరే వెతుక్కోగలరు.

ఊరి మధ్య బజారులో ఉన్న హోటలుకి వచ్చే మనిషి మళ్లీ వస్తాడో రాడో తెలీదు. కాబట్టి మొదటి ముద్దకే ఆహా అనిపించాలి. నూనె తేలాలి, మసాలా ఘాటు తగలాలి, కూర ఎర్రగా మెరవాలి. క్యాంపస్ పక్కనున్న మెస్సుది వేరే లెక్క. ఇవాళ తిన్న పిల్లవాడే రేపు వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. అదే చేతి వంట అదే మనిషికి నెల పొడుగునా నచ్చాలి. ఆకలి రుచెరగదంటారు. నిజమే, మొదటి వారం ఎరగదు. పదిహేనో రోజుకి నాలుక లెక్కలడగడం మొదలుపెడుతుంది. ఇరవయ్యో రోజుకి కడుపు కూడా దానికి వంత పాడుతుంది. అందుకే నా కొలబద్ద ఒక్కటే. ముప్పయ్యో రోజున కూడా కాళ్లు వాటంతటవే అటు నడిస్తే అది మంచి చోటు. మిగతా గుర్తులన్నీ దీంట్లోంచి పుట్టినవే.

ఇక ఈ చోటు సంగతి. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అప్పటి హైదరాబాద్ రాజ్యంలో తెలంగాణతోపాటు మరాఠ్వాడా జిల్లాలూ, కన్నడ జిల్లాలూ ఉండేవి. ఆ మూడు ప్రాంతాల పిల్లలకూ ఇదే పెద్ద చదువుల చోటు. మనందరికీ బొమ్మల్లో తెలిసిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఇప్పుడు ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా అన్ని జిల్లాల వాళ్లూ ఇక్కడికి వస్తారు. పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూకి ఈశాన్య రాష్ట్రాల నుంచీ, వేరే దేశాల నుంచీ కూడా వస్తారు. అందుకే ఒక్క సాయంత్రం నడకలోనే జొన్నరొట్టె కాల్చే బండీ, ఉడిపి వాళ్ల కాఫీ, ఇరానీ చాయ్, మోమోల ఆవిరీ అన్నీ తగులుతాయి.

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే సీతాఫల్‌మండి దాటగానే ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్ స్టేషన్లు వరసగా వస్తాయి. ఎక్కడ దిగితే అక్కడి తిండి అక్కడిది. తార్నాక వైపు ఉద్యోగస్థుల ఇళ్లూ, పెద్ద పెద్ద పరిశోధన సంస్థలూ ఉన్నాయి కాబట్టి కూర్చుని తీరిగ్గా తినే రెస్టారెంట్లు ఎక్కువ. విద్యానగర్, అడిక్‌మెట్ వైపు అద్దె గదులూ, ప్రైవేటు హాస్టళ్లూ కిక్కిరిసి ఉంటాయి కాబట్టి మెస్సులూ, టిఫిన్ బండ్లూ ఎక్కువ. క్యాంపస్‌ను ఆనుకునే ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో గదిలోనే అన్నం వండుకునే పిల్లలు చాలామంది. వాళ్ల తిండి సంగతి మరో తీరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పొద్దున్నే బండి దగ్గర మొదలుపెడదాం. ఇడ్లీ, వడ, పూరీ, మైసూర్ బోండా, దోశ. హైదరాబాదు బండి మీద తప్పక తినవలసింది ఉప్మా దోశ. పెనం మీద దోశ పోసి, కారం రాసి, గరిటెడు ఉప్మా వేసి, పెనం మీదే మెదిపి పరిచి, ఉల్లిపాయ ముక్కలు చల్లి మడిచి ఇస్తారు. ఒక్కటి తింటే ఒంటిగంట దాకా ఆకలి గుర్తు రాదు. పొద్దున తొమ్మిది గంటల క్లాసుకి పరుగెత్తే పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి?

మంచి బండికి గుర్తు దోశ కాదు, చట్నీ. పల్లీ చట్నీ గిన్నెలోకి ఒక కన్నేసి ఉంచండి. రద్దీ పెరుగుతున్నకొద్దీ చట్నీ పలచబడుతోందంటే నీళ్లతో నెట్టుకొస్తున్నారని అర్థం. మంచి బండి వాళ్లు చట్నీ కొద్దికొద్దిగా తెచ్చుకుంటారు, అయిపోతే అయిపోయిందని చెప్పేస్తారు. ఇడ్లీ కూడా అంతే. వాయి దిగేదాకా అయిదు నిమిషాలు ఆగమన్న చోటే ఆగండి. ముందే దించి మూతపెట్టిన ఇడ్లీలు చేతిలో పెడితే మరో బండి చూసుకోండి. ఇంకో గుర్తు చేతులది. డబ్బులు తీసుకునే చెయ్యి, ఇడ్లీ తీసే చెయ్యి వేరువేరుగా ఉండాలి. ఈ మధ్య ఫోను చూపించి డబ్బు కట్టేస్తున్నాం కాబట్టి ఈ బాధ కొంత తగ్గింది. ప్లేటు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద పొగలు కక్కే ఇడ్లీ పెట్టేచోట మాత్రం, విస్తరి ముక్క ఉందా అని అడగండి. లేకపోతే కడిగిన ప్లేటులోనే పెట్టమనండి.

ఇప్పుడు మెస్సు. ఈ ప్రసంగానికి ఇదే అసలు భోజనం. పాత ఇంటి మేడమెట్ల పక్కన బాణం గుర్తు వేసి, భోజనం తయారు అని రాసిన బోర్డు ఉంటుంది. పైకెక్కితే నాలుగు వరసల బల్లలు, గోడ మీద దేవుడి పటం, దాని కింద టోకెన్ల డబ్బా. నెల కార్డు తీసుకుంటే భోజనం కొంచెం చవకగా పడుతుంది. కార్డు తీసుకునే ముందు చూడవలసినవి ఉన్నాయి.

మొదటిది చారు. ఆదివారం కోడికూర ఎవరైనా బాగానే చేస్తారు. దానికి మసాలాల సాయం ఉంటుంది. చారుకి ఎవరి సాయమూ లేదు. చింతపండు, మిరియం, జీలకర్ర, కరివేపాకు, పోపు. ఇంతే. ఏ రోజుకారోజు తాజాగా కాచారా, నిన్నటిదాన్ని మళ్లీ మరిగించారా అన్నది మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. తెలంగాణ చెయ్యి వండే మెస్సయితే ఎండాకాలంలో పచ్చిపులుసు ఉందేమో చూడండి. పొయ్యి మీద పెట్టని చింతపండు పులుసులో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, కొత్తిమీర పిసికి వేస్తారు. చేయడానికి ఖర్చు లేదు, శ్రద్ధ కావాలి. పచ్చిపులుసు పెట్టిన మెస్సు మీద నాకు వెంటనే గురి కుదురుతుంది.

రెండోది పప్పు. వారం రోజులు వరసగా టమాటా పప్పే అయితే ఆ వంటవాడికి బద్ధకం. పాలకూర ఒక రోజు, తోటకూర ఒక రోజు, గోంగూర, దోసకాయ, బీరకాయ, ఎండలు ముదిరాక మామిడికాయ. ఇలా రుతువును బట్టి పప్పు మారుతుంటే వాళ్లు రైతుబజారుకి స్వయంగా వెళ్తున్నారన్నమాట. మూడోది పెరుగు. గరిటె నిలవనక్కర్లేదు, గరిటెలో నిలిస్తే చాలు.

నాలుగోది, పిల్లలంతా గుసగుసలాడుకునే సోడా సంగతి. అన్నంలో వంటసోడా వేస్తే రెండు ముద్దలకే కడుపు నిండుతుందని హాస్టళ్లలో ఒక నమ్మకం. ఎవరు వేస్తున్నారో, ఎవరు వేయడం లేదో నేను చెప్పలేను గానీ గుర్తుపట్టడం మాత్రం కష్టం కాదు. సోడా పడిన అన్నానికి లేత పసుపు ఛాయ వస్తుంది, మెతుకు చితికిపోతుంది. పప్పులో వేస్తే తొందరగా ఉడుకుతుంది, గ్యాసు మిగులుతుంది. కానీ అందులోని బి1 విటమిన్ చాలావరకు పోతుంది. పప్పు కోసమే మెస్సుకి వెళ్లి పప్పులో ఉన్నదే పోగొట్టుకోవడం ఏం లాభం?

అయిదో గుర్తు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మెస్సును పరీక్షించాలంటే పన్నెండున్నరకి వెళ్లకండి, రెండుంబావుకి వెళ్లండి. పన్నెండున్నరకి అన్నీ వేడిగానే ఉంటాయి, అందరూ నవ్వుతూనే వడ్డిస్తారు. ల్యాబు ఆలస్యమై రెండు దాటాక వచ్చిన పిల్లవాడి పళ్లెంలో ఏం పడుతుందో అదే ఆ మెస్సు అసలు స్వభావం. కూర అయిపోతే ఒక ఆమ్లెట్టయినా వేసిస్తారా? అడుగున మిగిలిన వేపుడు చూపించి చేతులెత్తేస్తారా? పప్పు బకెట్టు పట్టుకుని సర్వర్ తనంతట తానే వరస తిరుగుతున్నాడా, పిలిస్తేగాని పలకడా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కాబట్టి అన్నా, ఇంకొంచెం పప్పు అని అడగడానికి సిగ్గుపడకండి. రెండోసారి అడిగినప్పుడు అతని మొహం ఎలా ఉందో మాత్రం గమనించండి.

కార్డు విషయంలో రెండు ప్రశ్నలు అడిగాకే డబ్బు కట్టండి. దసరాకో, సంక్రాంతికో ఊరెళ్తే మిగిలిన టోకెన్లు మురిగిపోతాయా, తర్వాత చెల్లుతాయా? ఒక పూట స్నేహితుణ్ణి తీసుకొస్తే నా టోకెన్ వాడుకోవచ్చా? రెండింటికీ సూటిగా జవాబు చెప్పిన ఓనరు దగ్గర లెక్కల పేచీ రాదు.

ఇక గదిలో అన్నం వండుకునే పిల్లల సంగతి. మన తెలుగు నగరాల్లో వాళ్ల కోసం పుట్టిందే కర్రీ పాయింటు. బల్ల మీద వరసగా స్టీలు గిన్నెలు, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో వేపుడు, ఒకదాంట్లో గుత్తివంకాయ, చివర సాంబారు, పెరుగు. అన్నం అక్కడ ముఖ్యం కాదు. గదిలో కరెంటు కుక్కర్ మీట నొక్కి, కిందికి దిగి, రెండు కూరలు పట్టుకుని పైకెక్కేసరికి అన్నం ఉడికి ఉంటుంది. ముగ్గురు కలిసి ఉండే గదిలో ఇంతకంటే చవకైన, ఇంటికి ఇంతకంటే దగ్గరైన భోజనం లేదు. ఒకరు పప్పు, ఒకరు వేపుడు, ఒకరు పెరుగు తెస్తే విందు భోజనమే.

కర్రీ పాయింటులో మంచిచెడ్డలు తెలుసుకోవడానికి వేళ ముఖ్యం. సాయంత్రం ఏడు గంటలకి తాజా గిన్నెలు వస్తాయి. మధ్యాహ్నపు గిన్నెలే రాత్రికీ ఉంటే వేపుడు మెత్తబడి ఉంటుంది, కూర మీద నూనె విడిగా తేలుతుంటుంది. కొబ్బరి పడిన కూరలు, పెరుగు పచ్చళ్లు వేసవిలో రాత్రి పూట కొనకండి, తొందరగా పాడవుతాయి. ఇంకో చిన్న అలవాటు చేసుకోండి. పొగలు కక్కే సాంబారుని పలచటి ప్లాస్టిక్ సంచిలో కట్టించుకోవడం మాని, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బా పట్టుకెళ్లండి. డబ్బా చూస్తే కొలత కూడా కాస్త ధారాళంగా పడుతుందని పిల్లల అనుభవం.

ఇక్కడే క్యాంపస్ పొరుగున ఉన్న ఒక పెద్ద సంస్థను తలుచుకోవాలి. జామియా ఉస్మానియాలో జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్‌ఐఎన్ అని పిలుచుకునేది ఉంది. చిత్రమేమిటంటే అదీ 1918లోనే పుట్టింది. తమిళనాడు కొండల్లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదు వచ్చింది. ఏ గింజలో ఎంత మాంసకృత్తు ఉంది, ఏ ఆకులో ఎంత ఇనుము ఉంది అని దేశమంతా చూసుకునే పట్టికలు ఇక్కడ తయారైనవే. అంటే రోడ్డుకి ఇటు పిల్లలు తింటుంటే, అటు పళ్లెంలో ఏముండాలో శాస్త్రవేత్తలు లెక్కగడుతున్నారు.

2024లో ఎన్‌ఐఎన్ విడుదల చేసిన ఆహార సూచనల్లో రోజుకి 2000 కిలో క్యాలరీలు కావలసిన మనిషికి ఒక పళ్లెం లెక్క ఉంది. ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు. ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు. పళ్లు 100 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం వంటివి 85 గ్రాములు. పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు. నూనె 27 గ్రాములు. పాలో, పెరుగో 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు.

ఇప్పుడు మన ఫుల్ మీల్స్‌ను ఆ పక్కన పెట్టి చూడండి. అన్నం మూడు సార్లు వడ్డించుకుంటే ధాన్యాల వాటా ఒక్క పూటలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. కూరగాయల వాటా మాత్రం గరిటెడు కూర దగ్గర ఆగిపోతుంది. పళ్లు అసలు కనబడవు. ఇందులో మెస్సువాణ్ణి తప్పుపట్టలేం. అన్నం చవక, కూరగాయలు ఖరీదు. ఆ ధరకి అతను పెట్టగలిగింది అది. కాబట్టి లోటు మనమే తెలివిగా పూడ్చుకోవాలి. రెండోసారి అన్నం అడిగే బదులు రెండోసారి పప్పు, ఆకుకూర అడగండి. మెస్సు బయట బండి మీద జామకాయో, అరటిపండో కొనుక్కోండి. సాయంత్రం బజ్జీల బదులు వారంలో రెండు రోజులు ఉడకబెట్టిన గుడ్లూ, ఉడికించిన పల్లీలూ తినండి. ముప్పయ్యో రోజు నాలుకే కాదు, ఒళ్లూ బాగుండాలి కదా.

మధ్యాహ్నం క్లాసులయ్యాక ఇరానీ హోటలు. ఇరాన్ నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చిన కుటుంబాలు ఈ ఊరికిచ్చిన చాయ్ ఇది. మన ఇంటి టీలాగా అన్నీ కలిపి మరిగించరు. ఒక పాత్రలో టీపొడి డికాక్షన్‌ను మూత బిగించి దమ్ మీద ఉంచుతారు. మరో పాత్రలో పాలు చిక్కబడేదాకా కాస్తారు. అడిగినప్పుడు కప్పులో డికాక్షన్ పోసి పైన పాలు పోస్తారు. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అనండి. పక్కన ఉస్మానియా బిస్కెట్లు. యూనివర్సిటీదీ, బిస్కెట్‌దీ ఒకే నిజాం పేరు. కొంచెం తీపి, కొంచెం ఉప్పు, చాయ్‌లో ముంచితే రెండు క్షణాల్లో కరిగిపోతుంది. చిన్న ఉల్లిపాయ సమోసాలు వేడిగా వస్తే వదలకండి.

ఇరానీ హోటలులో మనం కొనేది చాయ్ ఒక్కటే కాదు, కూర్చునే వ్యవధి కూడా. ఒక చాయ్‌తో సగం సిలబస్ మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు కొన్నిచోట్ల కుర్చీలు తీసేసి నిలబడి తాగే బల్లలు వేశారు. అద్దెలు పెరిగాయి, ఏం చేస్తారు? అయినా కుర్చీలున్న హోటలు దొరికితే దాన్ని కాపాడుకునే బాధ్యత మనది. నలుగురు కూర్చుని రెండు చాయ్‌లు పంచుకోవడం ఈ ఊరి సంప్రదాయమే గానీ, భోజనాల వేళ రద్దీలో గంటసేపు బల్ల ఆక్రమించడం సంప్రదాయం కాదు. డికాక్షన్ మాడిన చేదు తగులుతుంటే, పాలలో నీళ్ల రుచి తెలుస్తుంటే పక్క వీధిలో ఇంకో హోటలు తప్పకుండా ఉంటుంది.

సాయంత్రం బండ్ల గురించి త్వరగా చెప్పేస్తాను. కట్ మిర్చి, పునుగులు, ఎగ్ బజ్జీ. చూడవలసింది నూనె రంగు. నూనె పదేపదే కాగుతుంటే అందులో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు. కళ్లు చాలు. నూనె నల్లగా చిక్కబడి, బజ్జీ వేయగానే నురగ పొంగి, పొగ గొంతుకి పడుతుంటే ఆ బండి దాటేయండి. షవర్మా, మోమో, బర్గర్ తినేటప్పుడు తెల్లటి మయోనైజ్ విషయంలో జాగ్రత్త. పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్ వల్ల జబ్బులు రావడంతో 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. గుడ్డు లేనిదా అని అడగడం మీ హక్కు. కాస్త పెద్ద దుకాణమైతే గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు కనిపించాలి.

బజ్జీల బండి పక్కనే జొన్నరొట్టెల బండి ఉంటే అదృష్టం. చేత్తో తట్టి, పెనం మీద కాల్చి, నిప్పుల మీద పొంగించి ఇస్తారు. పక్కన పప్పో, వంకాయ కూరో, ఎర్ర కారమో. రాత్రి పూట ఎగ్ ఫ్రైడ్ రైస్ కంటే ఇది తేలిక. ముప్పయ్యో రోజు పరీక్షలో నా మార్కులు దీనికే ఎక్కువ.

ఇక జేబులో డబ్బులున్న రోజు, ఫెలోషిప్ పడిన రోజు, ఎవరికైనా ఉద్యోగమొచ్చిన రోజు బిర్యానీ. విద్యానగర్ నుంచి కాస్త దూరం వెళ్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. ఒకవైపు సినిమాహాళ్లు, మరోవైపు బిర్యానీ హోటళ్లు. పచ్చి మాంసాన్ని మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూతకి పిండి పెట్టి దమ్ చేసే కచ్చీ బిర్యానీ ఈ ఊరిది. ఒక్కరే వెళ్లకండి. ముగ్గురు నలుగురు కలిసి పెద్ద ప్యాకు తీసుకుంటే తలా కొంచెం డబ్బే పడుతుంది. రంజాన్ నెలలో అయితే రోడ్ల పక్కన హలీం బట్టీలు వెలుస్తాయి. మాంసం, గోధుమ కలిపి గంటల తరబడి మెదిపే హైదరాబాదీ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవి పండగ తిళ్లు. నెలకో రెణ్ణెల్లకో తింటేనే అందం.

జేబు ఖాళీ అయిన రోజులూ వస్తాయి. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ అశోక్‌నగర్, చిక్కడపల్లి గ్రంథాలయాల్లో రాత్రీపగలూ చదివే పిల్లలకు ఆ రోజులు బాగా తెలుసు. 2014లో నగరపాలక సంస్థ మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనం వాళ్లలో ఎందరికో ఆసరా అయ్యింది. 2025లో వాటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, పొద్దున టిఫిన్ కూడా అయిదు రూపాయలకే మొదలుపెట్టారు. అక్కడ వరసలో నిలబడటానికి మొహమాటపడకండి. కూటి కోసం కోటి విద్యలన్నారు గానీ, ఉన్న ఒక్క విద్య పూర్తవ్వాలంటే ముందు కూడు పడాలి.

చివరగా కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక పద్ధతి చెబుతాను. దిగిన మొదటి రోజే నెల కార్డు కొనకండి. మొదటి రెండు వారాలు మూడు మెస్సులు తిరగండి. ఒక్కో దగ్గర నాలుగైదు రోజులు, వేళ మార్చి మార్చి తినండి. అందులో ఒక శాకాహారం రోజు, ఒక ఆదివారం, ఒక ఆలస్యమైన మధ్యాహ్నం తప్పకుండా ఉండాలి. సీనియర్లను అడగండి, అయితే మంచి మెస్సు ఏదని కాదు, మీరు కార్డు ఎక్కడ మానేశారు, ఎందుకు మానేశారని అడగండి. ఆ జవాబే పనికొస్తుంది.

చోటు కుదిరాక మీ వంతు పని మీకుంది. చారు బాగాలేకపోతే గదికొచ్చి తిట్టుకోకుండా ఓనరుకే చెప్పండి, బాగున్న రోజునా చెప్పండి. ఖాతా ఉంటే పరీక్షలయ్యాక ఊరికెళ్లే ముందే తీర్చండి. సెలవులు వస్తున్నాయంటే రెండు రోజుల ముందే చెబితే వాళ్లు అంత బియ్యం తక్కువ పోస్తారు, వండింది పారబోయాల్సిన పని ఉండదు. రోజూ తినేవాళ్లు నోరు విప్పి చెప్పే చోట వంట కుదురుగా ఉంటుంది, రోజూ వండేవాళ్లకీ ఎవరికోసం వండుతున్నారో తెలుస్తుంది. నెల తిరిగాక కార్డు మళ్లీ తీసుకోబుద్ధయితే మెస్సు పాసయినట్టు. తీసుకోబుద్ధి కాకపోతే బాధపడకండి, విద్యానగర్‌లో మెస్సులకి కొదవ లేదు.